కిరాయినామా గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేయడం

కిరాయినామా అనగా ఇంటి యజమానికి, కిరాయిదారుకు మధ్య కుదిరిన అద్దె ఒప్పంద పత్రము. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో అద్దెను కిరాయి అని వ్యవహరిస్తారు. ఒప్పుకున్న గడువు పూర్తి కాకముందే కిరాయిదారు ఇల్లు విడిచిపెడితే మిగిలిన నెలల కిరాయి మొత్తం చెల్లించవలసి వస్తుందనీ, అడ్వాన్సు తిరిగి రాదనీ చాలామంది భావిస్తారు. చట్టం ప్రకారం ఈ రెండూ వాటంతట అవే జరిగేవి కావు. ఒప్పందంలోని షరతులు, దాని రిజిస్ట్రేషను, యజమానికి నిజంగా కలిగిన నష్టం అనే మూడు అంశాలపై ఫలితం ఆధారపడి ఉంటుంది.

నేపథ్యము

రామగుండంలో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలలో సింగరేణి బొగ్గు గనులు ఉన్నాయి. కరీంనగర్‌లో 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఉద్యోగం, చదువు కోసం వచ్చి కిరాయి ఇళ్ళలో ఉండేవారు ఈ పట్టణాలలో ఎక్కువ. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలను విభజించి జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్ వంటి కొత్త జిల్లాలను ఏర్పాటు చేశారు. బదిలీ అయినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. బదిలీ వస్తే ఖాళీ చేయవచ్చుననే షరతును ముందుగానే రాసుకోవలసి ఉంటుంది.

నోటీసు

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 105 నుండి 117 వరకు గల సెక్షన్లు లీజులకు సంబంధించినవి. వేరే ఒప్పందం లేనప్పుడు నివాస గృహపు కిరాయిని నెలవారీ లీజుగా పరిగణిస్తారు. 106వ సెక్షన్ ప్రకారం దీనిని 15 రోజుల లిఖితపూర్వక నోటీసుతో ఇరువురిలో ఎవరైనా ముగించవచ్చును. ఈ గడువును నోటీసు అందిన తేదీ నుండి లెక్కిస్తారు. ఒప్పందంలో ఒక నెల లేదా రెండు నెలల నోటీసు అని రాసుకుంటే ఆ షరతే వర్తిస్తుంది.

పదకొండు నెలల ఒప్పందం

ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి కనుక పదకొండు నెలలకు రాసుకొనే ఆచారం దేశమంతటా ఏర్పడినది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రిజిస్ట్రేషను చట్టానికి చేసిన సవరణ, లీజు ఎంత కాలానిదైనా రిజిస్ట్రేషను అవసరమని చెబుతుంది. రిజిస్టరు కాని పత్రంలోని గడువు షరతును కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. అటువంటి సందర్భంలో కిరాయి చెల్లిస్తూ నివసించడాన్ని బట్టి నెలవారీ కిరాయిదారీగా భావించవచ్చునని సుప్రీంకోర్టు ఆంథోనీ కేసులో (2000) పేర్కొన్నది. అప్పుడు 15 రోజుల నోటీసు నియమం వర్తిస్తుంది.

నష్టపరిహారము

రిజిస్టరైన ఒప్పందంలో కనీస నివాస కాలం రాసి ఉంటే, దానిని ఉల్లంఘించిన కిరాయిదారు పరిహారం చెల్లించవలసి రావచ్చును. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసిన జరిమానా గరిష్ఠ పరిమితి మాత్రమే. అంతకు మించకుండా సమంజసమైన పరిహారాన్ని కోర్టు నిర్ణయిస్తుంది. ఫతే చంద్ కేసులో (1963) సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరించినది. నష్టాన్ని తగ్గించుకొనే వీలు యజమానికి ఉన్నదా అనే విషయాన్ని కూడా 73వ సెక్షన్ ప్రకారం లెక్కలోకి తీసుకోవాలి. అనగా టు-లెట్ బోర్డు పెట్టి కొత్తవారిని చేర్చుకొనే అవకాశం ఉండి కూడా ఇంటిని ఖాళీగా ఉంచి కిరాయి అంతా కోరడం సమంజసం కాదు.

ఉదాహరణకు నెల కిరాయి 8,000 రూపాయలు, అడ్వాన్సు 16,000 రూపాయలు, నోటీసు గడువు 30 రోజులు అనుకుందాం. కిరాయిదారు 10 రోజుల ముందు మాత్రమే చెప్పి ఖాళీ చేస్తే, మిగిలిన 20 రోజుల కిరాయి సుమారు 5,333 రూపాయలు. కరెంటు బిల్లు బాకీ 667 రూపాయలైతే అడ్వాన్సులో 10,000 రూపాయలు తిరిగి రావాలి. పది రోజులకే కొత్తవారు అదే కిరాయికి చేరితే యజమాని నష్టం ఇంకా తగ్గుతుంది. సాధారణ వాడకం వలన కలిగే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడు.

వరదలు, మరమ్మతులు

2022 జూలైలో గోదావరి వరదలకు మంచిర్యాల పట్టణంలోని కొన్ని కాలనీలు నీట మునిగినవి. అగ్నిప్రమాదం, తుఫాను, వరద మొదలైన వాటి వలన ఇల్లు నివాసానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, కిరాయిదారు కోరిక మేరకు లీజు చెల్లకుండా పోతుందని 108(ఇ) సెక్షన్ చెబుతుంది. కొద్ది రోజులు నీరు నిలిచి తగ్గిపోతే ఈ నియమం వర్తించదు. యజమాని చేయవలసిన మరమ్మతులు చెప్పినా చేయకపోతే, కిరాయిదారు చేయించి ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చును.

యజమానే ఖాళీ చేయమంటే

ఉమ్మడి రాష్ట్రపు భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయించు) నియంత్రణ చట్టం, 1960 పురపాలక పట్టణాలలో కిరాయిదారుకు రక్షణ కల్పించినది. కిరాయి బకాయి, యజమాని సొంత అవసరం వంటి నిర్దిష్ట కారణాలపైనే ఖాళీ చేయించడానికి వీలుంటుంది. అయితే 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన కిరాయి గల భవనాలకు ఇది వర్తించదు. నేటి అపార్టుమెంట్లలో చాలావరకు ఈ పరిమితిని దాటినవే. వాటికి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. ఏ సందర్భంలోనైనా బలవంతంగా తాళం వేయడానికి యజమానికి హక్కు లేదు.

జాగ్రత్తలు

* నోటీసును స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.
* కిరాయిని, అడ్వాన్సును బ్యాంకు ద్వారా చెల్లించడం మేలు.
* తాళాలు అప్పగించిన తేదీని రాయించుకొని యజమాని సంతకం తీసుకోవాలి. ఇరువురూ అంగీకరించి ఇంటిని అప్పగిస్తే లీజు అక్కడితో ముగుస్తుంది.
* అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను లేదా లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చును. సివిల్ దావాకు సాధారణంగా మూడేళ్ళ కాలపరిమితి ఉన్నది.