యజమాని దుబాయ్‌లో.. రాట్‌వైలర్ ఊళ్ళో!

గల్ఫ్‌లో నాలుగు డబ్బులు వెనకేసుకున్న మనవాడు ఊళ్ళో ముందుగా చేసే పని ఇల్లు కట్టడం. తర్వాత ప్రహరీ గోడ, పెద్ద ఇనుప గేటు. ఈమధ్య ఆ గేటు వెనక ఇంకోటి కూడా చేరుతోంది. రాట్‌వైలరో, డాబర్‌మనో! ఇంట్లో ముసలి అమ్మానాన్న, భార్యాపిల్లలు మాత్రమే ఉంటారు, కాపలాకి మంచి జాతి కుక్క ఉంటే ధైర్యం కదా అనుకుంటాం. ఆలోచన మంచిదే. మరి ఆ కుక్కని పెంచేదెవరు?

షార్జాలో మా సైట్లో పనిచేసే షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయనది జగిత్యాల వైపు. దోస్తు ద్వారా నలభై అయిదు రోజుల రాట్‌వైలర్ పిల్లని కొనిపించి ఇంటికి పంపాడు. ఏడాదిన్నర తిరిగేసరికి అది యాభై కిలోలయింది. గిన్నె దగ్గర పెట్టాలంటేనే వాళ్ళమ్మకి భయం. అందుకని రాత్రింబగళ్ళు గొలుసుకే. ఒకరోజు గొలుసు తెంపుకుని పాలు పోసే పిల్లవాడి చెయ్యి పట్టేసింది. ఈయన ఫోన్ పెట్టేసి నాతో అన్నమాట: "ఆ జాతే అంత భాయ్, మనమేం చేస్తం?"

నిజంగా జాతే అంతనా? చాలామందిమి అలాగే అనుకుంటాం కాబట్టి ఈ నాలుగు మాటలు.

పేరు వెనక కథ

రాట్‌వైలర్‌కి ఆ పేరు జర్మనీలోని రాట్‌వైల్ పట్టణం నుంచి వచ్చింది. కసాయివాళ్ళ పశువుల్ని తోలడానికి, బండ్లు లాగడానికి వాడేవారు. అదే దేశంలో అపోల్డా అనే ఊళ్ళో పన్నులు వసూలు చేసే డాబర్‌మన్ అనే ఆయన తనకి రక్షణగా ఉండాలని పెంచి తయారుచేసిన జాతి డాబర్‌మన్. పిట్‌బుల్ పూర్వీకుల్ని ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదికి వదిలేవారు. 1835లో ఆ ఆట నిషేధించాక కుక్కల పందేలకి వాడారు. అంటే ఒక్కో జాతిని ఒక్కో పనికి మనిషే మలిచాడు.

అలాగని జాతి పేరు చూసి ఒక కుక్క గుణం చెప్పేయలేం. అమెరికా శాస్త్రవేత్తలు 18 వేలకి పైగా కుక్కల వివరాలు చూసి 2022లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. 2008లో వచ్చిన ఇంకో అమెరికా పరిశోధనలో మనుషుల మీద ఎక్కువ కోపం చూపిన జాతుల్లో డాక్స్‌హండ్, చివావా ఉన్నాయి. రెండూ చిన్న కుక్కలే!

అయితే ఇక్కడొక మెలిక ఉంది. చివావా కరిస్తే కట్టు కట్టుకుంటాం. యాభై కిలోల కుక్క కరిస్తే ఎముక విరగొచ్చు, చిన్నపిల్లలైతే ప్రాణమే పోవచ్చు. కరవడం వేరు, కరిస్తే ఎంత నష్టమన్నది వేరు. మన సైట్ లెక్కలో చెప్పాలంటే క్రేన్ చెడ్డది కాదు. కానీ లైసెన్సున్న ఆపరేటర్ లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోనివ్వరు. పెద్ద కుక్కా అంతే.

గొలుసు కాపలా కాదు

1994లో డెన్వర్ నగరంలో కరిచిన కుక్కల్నీ, కరవని కుక్కల్నీ పోల్చి చూశారు. కరిచిన వాటిలో మగవి, ఆపరేషన్ చేయించనివి, వాకిట్లో గొలుసుతో కట్టేసి ఉంచేవి ఎక్కువ. భయమేస్తే కుక్క పారిపోవాలి, లేదా ఎదురు తిరగాలి. కట్టేస్తే మొదటి దారి మూసేసినట్టే.

నిషేధాల కథ కూడా చూడండి. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ని నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేయాలని నిర్ణయించింది. ఇటలీ 2009లో జాతుల జాబితా పక్కనపెట్టి బాధ్యతంతా యజమాని మీద పెట్టింది. బ్రిటన్ మాత్రం 1991 చట్టంలోని జాబితాకి ఎక్స్ఎల్ బుల్లీని కూడా చేర్చి, 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి పత్రం లేకుండా ఉంచుకోవడం నేరం చేసింది. మన కేంద్రం 2024 మార్చిలో రాట్‌వైలర్‌తో సహా 23 జాతుల్ని ఆపాలని రాష్ట్రాలకి లేఖ రాస్తే, సంబంధించిన వాళ్ళ మాట వినకుండా ఇచ్చారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు ప్రాణం తీసినవి వీధికుక్కలు. వాటికే జాతి పేరూ లేదు, వాటి గొలుసు పట్టిన చెయ్యీ లేదు. మన గేటు వెనక ఉన్నదానికి పేరుంది. చెయ్యి మాత్రం రెండువేల అయిదొందల కిలోమీటర్ల దూరంలో ఉంది!

ఇక్కడ పట్టుకునేవాళ్ళకి

విల్లాల్లో డ్రైవర్లుగా, తోటమాలులుగా ఉన్న మనవాళ్ళకి కఫీల్ కుక్కని తిప్పే పని కూడా పడుతుంది. దుబాయ్‌లో కుక్కకి మైక్రోచిప్, ఏటా రేబిస్ టీకా, మునిసిపాలిటీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బయట గొలుసు లేకుండా వదలకూడదు. పిట్‌బుల్, మాస్టిఫ్, జపనీస్ టోసా లాంటివి 2016 నాటి 22వ నంబర్ ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టంలో జైలు, భారీ జరిమానాలున్నాయి. మనిషి మీదికి ఉసిగొల్పి ప్రాణం తీస్తే జీవిత ఖైదే. కాబట్టి ఏ జాతి, టీకా వేశారా, కాగితాలున్నాయా అని ముందే అడగండి. రోడ్డు మీద ఏదైనా జరిగితే పోలీసు ముందు చూసేది గొలుసు పట్టుకున్నవాడినే.

కుక్క బిగుసుకుపోయి కళ్ళార్పకుండా చూస్తున్నా, పెదవి ఎత్తి పళ్ళు చూపిస్తున్నా పరుగెత్తొద్దు. కళ్ళలోకి చూడకుండా మెల్లగా పక్కకి జరగండి. మొరిగే కుక్క కరవదన్న సామెతని నమ్ముకోవద్దు. మొరిగి కరిచేవీ ఉన్నాయి. తోక ఊపినంత మాత్రాన స్నేహమనీ కాదు.

ఊళ్ళో ఉన్నదానికి ఏం చెయ్యాలి?

కొనకముందే అయితే, రోజూ దాన్ని తిప్పే, పట్టి ఆపగలిగే మనిషి ఇంట్లో ఉన్నాడా అని చూసుకోండి. లేకపోతే ఆ డబ్బుతో మంచి తాళం, వీధి లైటు, కెమెరా పెట్టించడం మేలు. కొనాలనే ఉంటే ఎనిమిది వారాలు నిండని పిల్లని తల్లి నుంచి వేరు చేయొద్దు. మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా చూసిన మనుషులు, విన్న చప్పుళ్ళే దానికి లోకం. ఆ వయసులో గదిలో పెట్టి మూసేస్తే పెద్దయ్యాక కొత్త మనిషల్లా దొంగలాగే కనిపిస్తాడు.

ఇప్పటికే పెరిగిపోతే గొలుసుకి బదులు గట్టి కంచె వేయించండి. పశువుల డాక్టర్‌కి చూపించి టీకాలు, ఆపరేషన్ చేయించండి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఎడ్లకి కట్టే చిక్కంలాగా మూతికి బుట్ట తొడగాలి. చిన్నపిల్లల్ని దాంతో ఒంటరిగా వదలొద్దు. కుక్క విషయంలో నిర్లక్ష్యంగా ఉండి ఇతరులకి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా ఉండొచ్చు.

ఒకవేళ కరిస్తే కారం, సున్నం, పసుపు పెట్టొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. డాక్టర్ చెప్పిన తేదీలకి సూదులన్నీ వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టినవాళ్ళు చాలా చాలా అరుదు.

మా కార్పెంటర్ చివరికి కుక్కని అమ్మేద్దామనుకున్నాడు. దాన్ని పట్టుకోలేని ఇంకో ఇంటికి అమ్మితే కాటు ఆ ఇంటికి మారుతుంది, అంతే. ఇప్పుడు వాళ్ళ బావమరిది పొద్దునా సాయంత్రం వచ్చి తిప్పుతున్నాడు. పాలపిల్లవాడి సూదులకి వెళ్ళిరావడానికి ఆటో ఖర్చు కూడా ఈయనే పంపాడు. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని అడిగాక, కుక్కని ఎవరు తిప్పుతున్నారు అని కూడా అడగండి.