తమను చూసి తామే నవ్వుకున్నవారు

ఉర్దూ మర్యాద తెలిసిన ఇళ్ళలో కొత్తగా పరిచయమైన వ్యక్తిని ‘మీ ఇల్లెక్కడ?’ అని అడగరు, ‘మీ దౌలత్‌ఖానా ఎక్కడ?’ అంటారు. జపాను భాషలోనూ ఇటువంటి మర్యాద పదం ఒకటుంది. అదే ‘ఒతాకు’. దాని అక్షరార్థం ‘తమరి ఇల్లు’. ‘తమరు’ అని సంబోధించడానికీ వాడతారు. అనిమే, అనగా జపాను యానిమేషన్ చిత్రాలపై ప్రాణం పెట్టుకున్న కుర్రవాళ్ళు ఒకరినొకరు ఈ మాటతోనే పిలుచుకునేవారు. అది గమనించిన నకమోరి అకియో అనే రచయిత 1983లో ఒక పత్రికలో వారికే ఆ పేరు తగిలించి వెక్కిరించాడు. మర్యాద మాట కాస్తా ఎగతాళి పేరయింది.

1989లో ఆ ఎగతాళికి భయం తోడయింది. పసిపాపల హత్య కేసులో పట్టుబడిన ఒక యువకుని గదిలో వేలాది వీడియో టేపులు దొరికాయి. ఆ గది దృశ్యం దేశమంతా చూసింది. నేరం ఒక్కడిది, నింద మాత్రం అనిమే అభిమానులందరి మీదా పడింది.

ఆ మచ్చ ఇంకా ఆరని రోజుల్లో, 1991లో, ‘ఒతాకు నో వీడియో’ అనే చిత్రం వెలువడింది. నిర్మించినది గైనాక్స్ సంస్థ. 1981లో ఒసాకాలో జరిగిన సైన్స్ ఫిక్షన్ అభిమానుల మహాసభ కోసం స్వయంగా బొమ్మలు గీసి చిన్న చిత్రం తీసిన విద్యార్థులే 1984లో ఈ సంస్థను స్థాపించారు. కాబట్టి ఒతాకుల మీద చిత్రం తీసినవారు కూడా ఒతాకులే. లోకం తమపై రాళ్ళు రువ్వుతున్న వేళ వారు అద్దం ముందు నిలబడి తమ ముఖం చూసుకొని నవ్వారు.

కథానాయకుడు కుబో టెన్నిస్ ఆడుకునే సాధారణ కళాశాల విద్యార్థి. తనాకా అనే పాత సహపాఠి తారసపడి అతణ్ణి అనిమే లోకంలోకి లాక్కుపోతాడు. చూస్తుండగానే కుబో వేషం మారుతుంది, మాట మారుతుంది, సన్నిహితురాలైన యువతి దూరమవుతుంది. అప్పుడతడు ‘ఒతాకులకే రాజునవుతాను’ అని శపథం పడతాడు. బొమ్మల నమూనాల వ్యాపారం పెడతాడు, పోగొట్టుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. కథ ముగిసేసరికి అంతరిక్షయానం దాకా వెళ్తుంది. ఇంతటి అతిశయోక్తిలో వ్యంగ్యం ఎవరి మీదో వేరే చెప్పనక్కరలేదు.

కథ నడుమ నడుమ నిజమైన వార్తాచిత్రాల ఫక్కీలో ‘ఒతాకుల ముఖాముఖీలు’ వస్తాయి. నేరస్థులను చూపినట్లు ముఖాలు మసకబార్చి, గొంతులు మార్చి చూపుతారు. ఒకడు టేపుల సేకర్త. మరొకడు అనిమే చిత్రించిన పారదర్శక రేకుల కోసం దొంగతనానికి తెగించినవాడు. ఇంకొక విదేశీ అభిమాని ఆంగ్లంలో చెప్పేదొకటి, పైన వినిపించే జపాను అనువాదం మరొకటి. తెర మీద కనిపించినవారు ఆ సంస్థ సిబ్బంది, వారి మిత్రులేనని చెప్పుకుంటారు. 1989లో టీవీలు తమను ఏ తీరున చూపాయో ఆ తీరునే అనుకరించి, తమకూ ఆ టీవీలకూ కలిపి ఒకేసారి చురక పెట్టారన్నమాట.

పరాయివాడి వెక్కిరింతకు వివరాలు తెలియవు. వాడికి కనిపించేది కళ్ళద్దాలు, చెదిరిన జుట్టు, చిందరవందర గది మాత్రమే. లోపలివాడికి ఆ గదిలోని ఒక్కొక్క టేపు కథా తెలుసు, దాని కోసం చెల్లించిన మూల్యమూ తెలుసు. అందుకే ఈ చిత్రం నవ్విస్తూనే కుబో పోగొట్టుకున్నవాటిని దాచదు. స్నేహం వల్ల అతనికి దక్కినదాన్నీ తక్కువ చేయదు. పాత కితాబుల కోసం ఊరూరా తిరిగే మావంటివారికి ఆ గది మరీ పరాయిగా తోచదు.

ఆ తరువాత ఏమైందన్నదీ చెప్పుకోవాలి. ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన ఒకదా తోషియో 1996లో టోక్యో విశ్వవిద్యాలయంలో ఒతాకు సంస్కృతిపై పాఠాలు చెప్పారు. ఆయన తనకు పెట్టుకున్న బిరుదు కూడా ‘ఒతాకుల రాజు’ అనే!

ఈ గాలి మన గడపలకూ తాకింది. 2025లో ‘డీమన్ స్లేయర్’ చిత్రం తెలుగు మాటలతో మన థియేటర్లలో ఆడింది. ‘ఒతాకు నో వీడియో’లో అశ్లీల ప్రస్తావనలున్నాయి గనుక పిల్లలకు చూపదగినది కాదు. అయితే దాన్ని తీసినవారి తీరులో పెద్దలకు పనికివచ్చే సంగతి ఉంది. అబ్బాయి అనిమే పాత్రల పేర్లు వల్లెవేస్తుంటే మనం వెక్కిరించామా, వాడు గది తలుపు వేసుకుంటాడు. ‘ఏదీ, ఆ కథేమిటో మాకూ చెప్పు బేటా’ అని పక్కన కూర్చుంటే, చెబుతూ చెబుతూ తన పిచ్చి తనకే వింతగా తోచి వాడే ముందు నవ్వవచ్చు. నిద్ర సంగతి, చదువు సంగతి మాట్లాడటానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.