ముందు ముల్లు చూడండి

సిలిండరు రికార్డులన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. నాలుగంగుళాల పైచిలుకు పొడవు, రెండంగుళాల పైచిలుకు అడ్డం ఉన్న బోలు గొట్టం, ఒంటినిండా సన్నటి గాళ్ళు. కానీ ఒకదాన్ని చక్కగా పాడించే ముల్లే ఇంకోదాన్ని ఒక్క దెబ్బకి గీరి పారేస్తుంది. పాత ఎడిసన్ ఫోనోగ్రాఫు చేతికి రాగానే అందరూ కీ తిప్పి చూస్తారు. ముందు చూడాల్సింది ముల్లు.

1877లో మెన్లోపార్కులో ఎడిసన్ గీసిచ్చిన బొమ్మను బట్టి జాన్ క్రూసీ తయారుచేసిన మొదటి యంత్రం తగరపు రేకు మీద పలికింది. ఆ రేకు నాలుగుసార్లు తిరిగేసరికి చిరిగిపోయేది. మైనం మీద గాడి కోయడమన్న దారి చూపినవాళ్ళు గ్రాహంబెల్ ప్రయోగశాలలోని చిచెస్టర్ బెల్, టెయింటర్. ఎడిసన్ 1888లో పూర్తి మైనపు గొట్టానికి మారాడు. మైనం అంటాం గానీ నిజానికి అది లోహపు సబ్బు. మెత్తన కాబట్టి పైపొర చెక్కేసి ఇంట్లోనే మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. ఇంట్లో వాడే డిస్కు గ్రామఫోనుకు ఈ వెసులుబాటు లేదు. అయితే ఆ మెత్తదనమే దానికి శాపం కూడా. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. తెల్లటి మచ్చ కనిపించిందంటే అక్కడ గాడిని బూజు తినేసిందన్నమాట, ఎంత తుడిచినా ఆ పాట తిరిగి రాదు.

సిలిండరులో శబ్దం గాడి పక్కగోడల్లో ఉండదు, అడుగున ఎత్తుపల్లాలుగా ఉంటుంది. ముల్లు పైకీ కిందకీ ఊగాలి. 1902లో వచ్చిన అచ్చుపోత నల్ల సిలిండర్లలో అంగుళానికి 100 గాళ్ళు, నిమిషానికి 160 చుట్లు, రెండు నిమిషాల పాట. 1908లో ఆంబరాల్ సిలిండర్లు వచ్చాక అంగుళానికి 200 గాళ్ళు, నాలుగు నిమిషాలు. 1912 నాటి బ్లూ ఆంబరాల్ మైనం కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మీద తొడిగిన సెల్యులాయిడ్.

కాబట్టి రెండు నిమిషాల మైనానికి ఎడిసన్ 'సి' సౌండ్‌బాక్సు (ముల్లుండే భాగం), నాలుగు నిమిషాల మైనానికి 'హెచ్'. రెండింటిలోనూ నీలమణి ముల్లే, కాకపోతే 'హెచ్'లోది సన్నం. లావు ముల్లు సన్నగాడి మీద పెడితే గాడి గోడలు చితికిపోతాయి. బ్లూ ఆంబరాల్‌కి వజ్రపు ముల్లు. దాని బరువును సెల్యులాయిడ్ తట్టుకుంటుంది, మైనం తట్టుకోలేదు. ముల్లొకటే సరిపోదు, గేరు కూడా మార్చాలి. సౌండ్‌బాక్సును పక్కకి జరిపే మరస్క్రూ నాలుగు నిమిషాల పాటకి సగం వేగంతో తిరగాలి. లేకపోతే ముల్లు గాళ్ళ మీద అడ్డంగా నడుస్తుంది.

ఎక్కించడంలోనూ ఒక పద్ధతుంది. రెండువేళ్ళు లోపలికి దూర్చి, కొంచెం విడదీసి పట్టుకోవాలి. గాళ్ళు తాకకూడదు. చలికి బిగిసిన మైనం చేతివేడికే పగలొచ్చు. గొట్టం లోపలివైపు ఏటవాలుగా ఉంటుంది, పాటపేరు చెక్కిన అంచు బయటికి రావాలి. బ్లూ ఆంబరాల్ లోపలి ప్లాస్టర్ చెమ్మకి ఉబ్బితే పూర్తిగా ఎక్కదు. అలాంటప్పుడు బలవంతంగా నెడితే విరుగుతుంది.

బ్లూ ఆంబరాల్‌ని బాకాలో వినండి, ఆ సరదా వేరు. తొలినాటి మెత్తటి గోధుమరంగు మైనాన్ని మాత్రం పాత యంత్రం దగ్గరికే తీసుకుపోవద్దంటాను. దానికోసం హెన్రీ షామూ అనే ఫ్రెంచివాడు 'ఆర్కియోఫోన్' తయారుచేశాడు. దీని ముల్లు చాలా తేలిక, శబ్దాన్ని నేరుగా విద్యుత్తుగా మార్చుకుంటుంది. బర్క్‌లీలో కార్ల్ హేబర్ బృందం ముల్లే లేకుండా కాంతితో గాడిని కొలిచి కంప్యూటరులో పాట తీస్తోంది. విరిగిన ముక్కలకి కూడా ఇది పనికొస్తుంది.

ఇన్నీ కుదిరినా వేగం దగ్గర మళ్ళీ చిక్కే. తొలినాళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో వేగంలో రికార్డు చేశారు. బెర్లిన్ ఫోనోగ్రామ్ ఆర్కైవు వాళ్ళు మాత్రం ముందుచూపున్నవాళ్ళు. పల్లెల్లో పాటలు పట్టేవారికి పిచ్‌పైపు ఇచ్చి, మొదట ఒక స్వరం ఊదమన్నారు: సెకనుకు 435 కంపనాలు. ఆ స్వరం సరిగ్గా పలికేదాకా యంత్రం వేగం సవరిస్తే, పాడినవాడి శ్రుతి దానంతటదే కుదురుతుంది.