సొంతింటి రొట్టె – తండ్రి ఇంట్లో వాటా

మొహర్రం మాసంలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె అంటూ నీళ్లలో నిలబడి మార్చుకుంటారు. సొంతింటి రొట్టె కోసం చేయి చాచే స్త్రీలూ తక్కువేమీ కాదు. ఈ ఆచారం మంచిచెడ్డల చర్చ ఇక్కడ వద్దు. నా ప్రశ్న వేరు. ఆ చెరువులో ఇల్లు కోరుకుంటున్న చెల్లెలికి తండ్రి ఇంట్లో వాటా ముట్టిందా?

తల్లిదండ్రులు వదిలిన ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీలకూ వాటా ఉందని దివ్య ఖుర్ఆన్ సూరా నిసా 7వ ఆయత్‌లో స్పష్టం చేసింది. కొడుకులున్నప్పుడు కూతురికి కొడుకు వాటాలో సగం, పిల్లలున్న వితంతువుకు ఎనిమిదో వంతు అని ఆ సూరాయే లెక్క చెప్పింది. విడాకులైన స్త్రీని ఇద్దత్ గడువులో ఇంటి నుంచి వెళ్లగొట్టరాదని సూరా తలాఖ్ ఆదేశించింది. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తిపై పూర్తి హక్కు 1882 చట్టంతోగాని దక్కలేదు.

మరి మనం చేస్తున్నదేమిటి? "పెళ్లికి ఖర్చు పెట్టాం కదా" అంటాం. "చెల్లెలే మాఫ్ చేసింది" అంటాం. వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందేమోనన్న భయంతో ఆమె వద్దంటుంది. భయంతో అన్న మాట మాఫీ ఎలా అవుతుంది? రేపు భర్త పోయినా, వదిలేసినా ఆమె తలదాచుకునేది ఎక్కడ?

అన్నిచోట్లా ఇలాగే లేదు. తమిళనాడు తీరాన కాయల్‌పట్టణం ముస్లిం కుటుంబాల్లో కూతురికి ఇల్లిచ్చి, అల్లుణ్ణి అక్కడికే తెచ్చుకునే ఆనవాయితీ ఉంది. ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రాలో మినంగ్‌కబావ్ ముస్లింల పూర్వీకుల ఇల్లు తల్లి నుంచి కూతురికి సంక్రమిస్తుంది.

మన రాష్ట్రంలో 2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ల పథకంలో స్థలాల పట్టాలు మహిళల పేరిటే ఇచ్చారు. ఇల్లు తన పేరిట లేకపోయినా భార్యకు కాపురమున్న ఇంట్లో నివసించే హక్కును 2005 నాటి గృహహింస చట్టం ఇచ్చింది. ఇది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. వారసత్వంలో షరీఅత్ వాటాను 1937 చట్టం ప్రకారం కోర్టులూ గుర్తిస్తాయి.

సోదరులారా! తండ్రి అప్పులు, వసియ్యత్ తీర్చాక వాటాలు కాగితం మీద రాయండి. ఇల్లు పంచడానికి వీలుకాకపోతే వెలకట్టి డబ్బివ్వండి. చెల్లెలు నిజంగా వదులుకోదలిస్తే, ముందు ఆమె వాటా ఆమె చేతికి ఇచ్చి, తర్వాత ఆమె ఇష్టానికి వదలండి. ఈ రోజు జుమా నమాజు నుంచి ఇంటికి వెళ్లాక తండ్రి ఇంటి దస్తావేజు ఒకసారి తీసి చూడండి.