సాక్సు అల్లాలంటే... ముందు పాదం చూడాలి!

చేతికి పని, మనసుకు నెమ్మది. ఇంట్లో మధుమేహం ఉన్నవారుంటే వారి పాదాలకూ మేలు. సాక్సులు అల్లటం నేర్చుకుంటే ఇన్ని లాభాలు. కాకపోతే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

బందరు ఉక్కపోతలో సాక్సులా అని నవ్వకండి. రోజంతా బూట్లు వేసుకుని తిరిగేవారికి, గుడివాడ నుంచి ఏసీ బస్సులో రాత్రంతా హైదరాబాద్‌కు వెళ్లేవారికి, ధనుర్మాసం చలిలో తెల్లవారకముందే లేచే పెద్దవాళ్లకు అవి కావాల్సిందే. అన్నింటికన్నా ముఖ్యంగా మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారి సంగతి చూడాలి. వీరికి సాక్సు లోపలి చిన్న ముడి ఒరుసుకుంటున్నా తెలియదు. బొబ్బ లేచినా నొప్పి ఉండదు. అది పుండుగా మారి, ఇన్‌ఫెక్షన్ ముదిరితే వేలో పాదమో తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు. ఇంత చిన్న వస్తువు మీద అంత పెద్ద విషయం ఆధారపడి ఉందన్నమాట.

కొక్కెం నుంచి సూదులకు

క్రోషియాతో టీవీ కవర్లు, గుమ్మాలకు తెరలు అల్లిన అమ్మమ్మలు మన ఇళ్లలో చాలామందే. పక్కనే గోదావరి వైపు నరసాపురం లేసు అల్లికలకు పెట్టింది పేరు. క్రోషియా వచ్చినవారికి దారం పట్టు ముందే అలవాటై ఉంటుంది కాబట్టి నిట్టింగ్ త్వరగానే పట్టుబడుతుంది. అయితే క్రోషియా అల్లిక కాస్త మందంగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది, అంతగా సాగదు. అందుకే సాక్సులకు నిట్టింగే మేలు. దీనికి రెండు వైపులా మొనలున్న పొట్టి సూదులు నాలుగైదు కావాలి. గుండ్రంగా అల్లుకుంటూ పోతాం కాబట్టి పక్క కుట్టు ఉండదు.

మనసుకేం లాభం?

నిట్టింగ్ చేసే 3,500 మందికి పైగా అభిప్రాయాలు అడిగి చేసిన ఓ అంతర్జాతీయ సర్వే 2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీలో వచ్చింది. తరచూ అల్లేవారిలో ఎక్కువమంది మనసు ప్రశాంతంగా, హాయిగా ఉంటోందని చెప్పారు. వీళ్లంతా అల్లిక ఇష్టపడేవాళ్లే కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోలేం. కానీ కుట్లు లెక్కపెడుతూ, ఒకే లయలో చేతులాడిస్తుంటే ఆలోచనల పరుగు తగ్గుతుందన్నది చాలామంది అనుభవం. చేతిలో సూదులుంటే ఫోన్ పట్టుకోవటం కుదరదు, అదీ లాభమే. ఆందోళన, కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు మాత్రం అల్లిక మొదలుపెట్టామని వాటిని ఆపొద్దు.

కొలతతోనే పరీక్ష

సాక్సు అల్లేవారు ముందు పాదాన్ని కొలవాలి. అమ్మకో నాన్నకో అల్లుతుంటే కొలత తీసేటప్పుడే వేళ్ల మధ్య, మడమ, అరికాలు పరిశీలించండి. పగుళ్లు, ఎరుపు, బొబ్బలు, రంగు మారటం ఉన్నాయేమో చూడండి. సాయంత్రానికి కాళ్లు వాచేవారికి కొలత అప్పుడే తీయాలి.

లెక్క తేలికే. ముందు ఓ చిన్న ముక్క అల్లి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వస్తున్నాయో చూడండి. 28 వచ్చాయనుకుందాం. వేళ్ల కింద పాదం చుట్టుకొలత 22 సెంటీమీటర్లయితే సుమారు 62 కుట్లు. సాక్సు జారకుండా మామూలుగా పదో వంతు తగ్గిస్తారు కాబట్టి 56 చాలు. కాళ్లు వాచేవారికి, అంతగా సాగని కాటన్ దారానికి 60 వరకూ ఉంచండి. మరీ వదులైనా ముడతలు పడి ఒరుసుకుంటాయని మరవొద్దు.

మొదటి జతకు కాస్త లావు దారం తీసుకోండి. పై అంచు, కాలు, మడమ, పాదం, చివరికి వేళ్ల భాగం... ఇదీ వరస. మడమ మలుపు దగ్గరే కొత్తవాళ్లు తడబడతారు. అక్కడ అల్లిక వచ్చినవారి పక్కన కూర్చుని నేర్చుకోవటం మంచిది. వేళ్ల దగ్గర మిగిలిన కుట్లను లావుపాటి సూదితో ఒకదానిలోకి ఒకటి అల్లి కలిపేస్తే గట్టు ఏర్పడదు. మధుమేహులకు ఇదే కీలకం.

చెయ్యి తిరిగాక స్కాట్లాండ్‌లో కిల్ట్ కింద వేసుకునే పొడవాటి మేజోళ్ల వైపు వెళ్లొచ్చు. మోకాలి కింద మడత పెట్టే వీటిలో పిక్క దగ్గర కుట్లు పెంచి, చీలమండకు వచ్చేసరికి తగ్గిస్తారు. మంచి సాధనే. కానీ అవి జారకుండా మోకాలి కింద పట్టీ కడతారు. మధుమేహం, కాళ్లలో రక్త ప్రసరణ లోపం ఉన్నవారికి అలాంటి బిగింపు వద్దు. రంగురంగుల గళ్ల అల్లికలో లోపల దారాలు వేలాడతాయి, అవీ వీరికి పనికిరావు.

చేతులు, కళ్లు జాగ్రత్త

మధుమేహుల్లో వేలు వంచితే పట్టేయటం, మణికట్టు దగ్గర నరం నొక్కుకుని చేతివేళ్లు తిమ్మిరెక్కటం, భుజం బిగుసుకుపోవటం ఎక్కువ. కాబట్టి అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి వేళ్లు చాపండి, మెడ, భుజాలు కదిలించండి. తిమ్మిరి, నొప్పి తగ్గకపోతే డాక్టర్‌ను కలవండి. నలభై దాటినవారు దగ్గరి చూపు అద్దాలు పెట్టుకునే అల్లాలి. లేత రంగు దారమైతే కుట్లు తేలిగ్గా కనిపిస్తాయి.

వేసుకునేటప్పుడు...

* తెలుపు, లేత రంగులే మేలు. రక్తం, చీము మరక వెంటనే తెలుస్తుంది.
* కాటన్ చెమటను పీల్చుకుంటుంది గానీ త్వరగా ఆరదు. మన తేమ వాతావరణంలో రోజూ మార్చాలి, తడిస్తే అప్పుడే మార్చాలి. వేళ్ల మధ్య పొడిగా తుడుచుకోవాలి.
* చిరిగిన సాక్సుకు కుట్టు వేసి మధుమేహులకు ఇవ్వొద్దు. ఆ గట్టే గాయం చేస్తుంది.
* విప్పాక కాలి మీద లోతుగా గీత పడితే ఆ సాక్సు బిగుతని అర్థం.
* ఒట్టి సాక్సులతో టైల్స్ మీద నడవొద్దు. పెద్దవాళ్లు జారి పడే ప్రమాదముంది. ఇంట్లోనూ చెప్పులు ఉండాలి.
* మంగినపూడి, హంసలదీవి ఇసుకలో, మోపిదేవి గుడి దగ్గర ఎండలో స్పర్శ లేని పాదాలు కాలినా తెలియదు. ఉదయమే వెళ్లి, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోండి.
* ఉబ్బిన సిరలకు డాక్టర్లు రాసే బిగుతు మేజోళ్లకు చేతి అల్లికలు ప్రత్యామ్నాయం కావు.

పాదం మీద పుండు, వాపు, వేడి, నల్లబడటం కనిపిస్తే సాక్సు తొడిగి దాచొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవారు కనీసం ఏడాదికోసారి పాదాల్లో స్పర్శ, రక్త ప్రసరణ పరీక్ష చేయించుకోవాలి. మీ పెద్దవాళ్లకు అది ఎప్పుడు చేయించారో ఈ వారమే ఓసారి అడగండి.