ప్రమాణము, పగ, చారిత్రక నవల

చారిత్రక నవల యనగానే మన రచయితలు కోటలను, కత్తులను, పాలెగాండ్రను వెదకుచున్నారు. చిత్తూరు సీమ పల్లెలలో దాయాదుల పగలు పొలము గట్టు కొరకును, ఉమ్మడి బావిలోని నీటి వంతు కొరకును పుట్టుచుండును. వానికి రణరంగము కోట గాదు. కాణిపాక వినాయకుని సన్నిధి.

బాహుదానదీ తీరమునందలి యీ క్షేత్రపు స్థలపురాణమే సోదరుల కథ. అవిటివారైన మువ్వురన్నదమ్ములు తమ నూతిని త్రవ్వుచుండగా స్వామి వెలసెనని చెప్పుదురు. అన్నయగు శంఖుని యాశ్రమమున నడుగక ఫలమును దినిన లిఖితుడు, తానే రాజును దండన వేడి చేతులు గోల్పోయి, బాహుదలో మునిగి వానిని మరల బడసెను.

ఇచ్చట నసత్యప్రమాణము చేసినవానిని స్వామి శిక్షించునని జనుల దృఢవిశ్వాసము. ఇట్టి విశ్వాసమును ఆంగ్లప్రభుత్వము సైతము త్రోసిపుచ్చలేదు. 1873 సంవత్సరపు ప్రమాణముల చట్టము ప్రకారము, ఎదుటివాడు ఫలానా విధమున ప్రమాణము చేసినచో కట్టుబడెదనని యొక కక్షిదారు ఒప్పుకొన్నయెడల, ఆ సాక్ష్యమే వానిపట్ల తిరుగులేని రుజువు. ప్రమాణము చేయుమని యెవ్వరిని నిర్బంధింపరాదు. నిరాకరించినచో నా సంగతిని కోర్టు వ్రాసికొనవలెను. 1969 నాటి చట్టముతో నీ పద్ధతి తొలగినది. కోర్టు విడిచినను జనులు విడువలేదు.

ఇది మేలా, కీడా? అప్పీళ్లతో నిల్లు గుల్లయగుటకన్న నొక్క ప్రమాణముతో వ్యాజ్యము ముగియుట మేలే. కాని దైవభీతి గల సత్యవంతుడు మాట పొరపడునేమో యని జంకును. తెంపరి యబద్ధీకుడు జంకక కర్పూరమార్పి వచ్చును. పిమ్మట నా యింట బిడ్డకు జ్వరము వచ్చినను ఊరు దానిని దేవుని తీర్పుగనే యెంచును. చల్లారినదనుకొన్న పగ మరల రాజుకొనును. లిఖితుని చేతులు తప్పు నొప్పుకొన్నందున వచ్చినవిగాని, కాదని ప్రమాణము చేసినందున గాదని జనులు మరచుచున్నారు.

మన నవలాకారులు ఈ భయభక్తులను మూఢత్వమని నవ్వక, మహిమయని మ్రొక్కి యూరకుండక, ఉభయపక్షముల హృదయములను జూపవలెనని మేము కోరుచున్నాము. భూస్వాములకు మా మనవి యొకటి: తండ్రి బ్రతికియుండగనే పంపకములు కాగితముపై వ్రాసి రిజిష్టరు చేయించుడు. మనము వ్రాయక విడిచిన దస్తావేజునకు స్వామిని సాక్షిగా బిలుచుట భక్తి గాదు.