మిస్‌హ్యాప్ అంటే ఏమిటి?

ఇంగ్లీషు వాచకంలో ఈ మాట ఎదురైతే చాలామంది పిల్లలు "మిషాప్" అని చదివేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎస్, హెచ్ అనే అక్షరాలు పక్కపక్కన కనబడితే "ష" అని పలకాలని చిన్న తరగతుల్లోనే నేర్చుకున్నారు గదా! షిప్, షాప్, ఫిష్ అన్నీ అలా పలికేవే. కాని ఈ మాటలో ఆ రెండక్షరాలూ ఒక ఇంటివి కావు. "మిస్" ఒక ముక్క, "హ్యాప్" ఒక ముక్క. రెంటినీ విడివిడిగా పలికి "మిస్‌హ్యాప్" అనాలి.

ఈ మిస్ టీచరును పిలిచే మిస్ కాదు. చెడు, తప్పు అనే అర్థాన్నిస్తూ మాటకు ముందు చేరే ముక్క ఇది. మనకు "దుర్" ఎలాగో అలాగన్నమాట. మిస్‌టేక్, మిస్‌ఫార్చ్యూన్ అనే మాటల్లో ఉన్నదీ ఇదే.

ఇక హ్యాప్ సంగతి. 9వ శతాబ్దంలో డెన్మార్కు, నార్వే ప్రాంతాల నుంచి వైకింగులు ఓడలెక్కి వచ్చి ఇంగ్లండు మీద పడ్డారు. మొదట్లో దొరికింది దోచుకుని పోయేవారు. పోను పోను చాలామంది అక్కడే భూములు సంపాదించి కాపురాలు పెట్టారు. ఇరుగుపొరుగు అయినాక మాటలు కలవకుండా ఉంటాయా? గుడ్డుకు "ఎగ్", కిటికీకి "విండో", ఆకాశానికి "స్కై" అనే మాటలు ఇంగ్లీషుకు వాళ్ల భాష నుంచి వచ్చినవే. హ్యాప్ కూడా అలాగే వచ్చింది. దానికి అర్థం అదృష్టం.

ఆ హ్యాప్ ఒంటరిగా ఇప్పుడు దాదాపు ఎవరి నోటా వినబడదు. దాని సంతానం మాత్రం రోజూ మన మధ్య తిరుగుతూనే ఉన్నది. అదృష్టవశాన జరిగేది "హ్యాపెన్". జరిగితే జరగవచ్చు అనుకుంటే "పెర్‌హ్యాప్స్". "హ్యాపీ" అంటే మొదట అదృష్టవంతుడనే అర్థం. అదృష్టవంతుడు సంతోషంగా కాక మరెలా ఉంటాడనుకున్నారో ఏమో, క్రమంగా ఆ మాటకు సంతోషమనే అర్థం స్థిరపడిపోయింది. పుట్టినరోజు నాడు మీరు "హ్యాపీ" అన్నప్పుడల్లా ఆ వైకింగుల మాటే పలుకుతున్నారు!

కాబట్టి మిస్‌హ్యాప్‌ను ముక్కకు ముక్కగా తెలుగు చేస్తే "దురదృష్టం" అవుతుంది. కాని వాడుకలో అంత బరువు లేదు. నాటకం మధ్యలో రాజుగారి మీసం ఊడి పడిందనుకోండి, అది మిస్‌హ్యాప్. పెళ్లి భోజనాల్లో సాంబారు గిన్నె ఒరిగిపోతే అదీ మిస్‌హ్యాపే. ఎవరూ కావాలని చేయలేదు, కొంపలూ మునగలేదు. అయితే మన దేశపు ఇంగ్లీషు పత్రికలు మనుషులు చనిపోయిన రైలు ప్రమాదాన్ని కూడా ఈ మాటతోనే రాయడం కద్దు. శీర్షికలో ఇమిడే చిన్న మాట గదా అని కాబోలు! ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న వారితో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ మాట వాడకూడదు. వాళ్ల దుఃఖాన్ని తేలిక చేసినట్టుంటుంది.

దీనికి పెద్దక్క వంటిది "యాక్సిడెంట్". అది లాటిన్ నుంచి వచ్చింది. మీద వచ్చి పడినదని దాని అర్థం. మనం కూడా "కష్టం వచ్చి పడింది" అంటాం గదా! అంతకన్నా పెద్దది "డిజాస్టర్". అందులో ఉన్నది నక్షత్రం. చుక్క చెడ్డదైతే పని చెడుతుందని ఆ కాలంవారు నమ్మేవారు. మన ఇళ్లలో "గ్రహచారం బాగాలేదు" అనే పెద్దలకు ఈ మాట కొత్తగా తోచదు. చూశారా, అదృష్టం, వచ్చి పడటం, నక్షత్రం! మూడు మాటల్లో ఏదీ మనిషి చేతిని వేలెత్తి చూపదు.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కూడా తన పనుల్లో జరిగే ప్రమాదాలను మిస్‌హ్యాప్‌లనే అంటుంది. 1998 డిసెంబరు 11న ఆ సంస్థ అంగారక గ్రహానికి ఒక నౌకను పంపింది. పేరు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. గ్రహం చుట్టూ తిరుగుతూ అక్కడి వాతావరణాన్ని పరిశీలించడం దాని పని. తొమ్మిది నెలలు ప్రయాణం చేసి, 1999 సెప్టెంబరు 23న అంగారకుడి వెనక్కు వెళ్లిన నౌక మళ్లీ పలకలేదు.

ఏమయింది? దారిలో దాని చిన్న చిన్న ఇంజన్లను అప్పుడప్పుడు పనిచేయించవలసి వచ్చేది. అవి నౌకను ఎంత బలంగా నెట్టాయో భూమి మీద లెక్క కట్టేవారు. ఆ బలాన్ని నౌక తయారుచేసిన వారి లెక్క పౌండ్లలో చూపింది. దారి చూసేవారు దాన్ని న్యూటన్లనుకున్నారు. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. అంటే ప్రతిసారీ అసలు బలంలో నాలుగో వంతుకన్నా తక్కువే లెక్కలోకి వచ్చిందన్నమాట. ఒక్కొక్క తేడా చిన్నదే. తొమ్మిది నెలల్లో అన్నీ పోగుపడ్డాయి. గ్రహానికి 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. ఆ ఎత్తులో గాలి ఒరిపిడికి అది తట్టుకోలేదు.

జరిగినది తేల్చడానికి వేసిన సంఘం పేరులోనే మిస్‌హ్యాప్ అనే మాట ఉన్నది. కాని ఆ సంఘం "దురదృష్టం" అని రాసి సంతకం పెట్టి లేచిపోలేదు. కొలమానం ఎక్కడ తప్పిందో, ఎవరూ ఎందుకు పట్టుకోలేకపోయారో ఆరా తీసింది. లెక్క ఎక్కడో పొసగడం లేదని కొందరికి ముందే అనుమానం కలిగిందనీ, అది గట్టిగా చెప్పవలసిన చోటికి చేరలేదనీ బయటపడింది.

ఇప్పుడు మన మాట చూడండి. "ప్రమాదం" అని రోజూ అంటుంటాం. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం ఏమిటో తెలుసా? ఏమరుపాటు! జాగ్రత్తగా ఉండమనడానికి "అప్రమత్తంగా ఉండు" అంటాం. అందులోనిదీ ఆ ధాతువే. ఇంగ్లీషు మాట అదృష్టాన్ని తప్పు పడితే, మన మాట నేరుగా మనిషిని పట్టుకున్నది. ఇన్నాళ్ల వాడుకలో అరిగిపోయి, అదీ ఇప్పుడు నిప్పు నుంచో నీటి నుంచో వచ్చే అపాయం లాగా వినబడుతున్నది.

అయినా తెలుగులో తప్పించుకునే దారి లేకపోలేదు. "గ్లాసు పగిలింది" అనవచ్చు, "గ్లాసు పగలగొట్టాను" అనవచ్చు. "సిరా ఒలికింది", "సిరా ఒలకబోశాను". "పుస్తకం చిరిగింది", "పుస్తకం చించాను". మొదటివన్నీ మిస్‌హ్యాప్‌లు. రెండో వరసలో మాట్లాడే పిల్లలు ఎందరున్నారో, ఇవాళ సాయంత్రం ఇంట్లో ఏదైనా పగిలినప్పుడు చెవి ఒగ్గి వినండి. పెద్దలు ఎలా చెబుతారో కూడా వినండి.